ముత్యాల పిడి

"పెర్ల్ గ్రిప్" అనగానే మన హాస్టల్‌లో సగం మందికి గేమ్‌లో గన్ స్కిన్ గుర్తొస్తుంది. మిగతా సగానికి ఏమీ గుర్తు రాదు. అందుకని ముందు అదేంటో చెప్పి, తర్వాత నా గొడవ చెప్తాను.

రివాల్వర్ గానీ పిస్టల్ గానీ, చేత్తో పట్టుకునే చోట రెండు వైపులా పలకలు స్క్రూలతో బిగించి ఉంటాయి. వాటినే గ్రిప్స్ అంటారు. మన మాటలో చెప్పాలంటే పిడి. కత్తికి పిడి, కొడవలికి పిడి, తుపాకీకీ పిడే. మామూలుగా ఇవి చెక్కవో, రబ్బరువో, గట్టి ప్లాస్టిక్‌వో అయి ఉంటాయి. వాటిని విప్పేసి తెల్లగా, ముత్యంలా మెరిసే పలకలు బిగిస్తే అది పెర్ల్ గ్రిప్. అసలుది ముత్యపు చిప్ప కోసి చేస్తారు కాబట్టి ఖరీదు ఎక్కువ. అంత పెట్టలేని వాళ్ల కోసం ప్లాస్టిక్‌తో అదే మెరుపు వచ్చేలా చేసిన నకిలీ పలకలు ఉన్నాయి. అమెరికాలో వాటిని విడిగా కొనుక్కుని ఇంట్లోనే మార్చుకుంటారు.

వనపర్తిలో దీంతో మనకేం పని అంటారా? నిజం తుపాకీ మన ఊళ్లో బ్యాంకు గార్డు భుజం మీద తప్ప కనబడదు. కానీ బొమ్మ తుపాకీలు వచ్చేశాయి. పోయినేడు మా చుట్టాల పెళ్లికి ప్రీ వెడ్డింగ్ షూట్ చేశారు. ఫొటోగ్రాఫర్ బ్యాగులోంచి కూలింగ్ గ్లాసులు, రంగు పొగ డబ్బాలు తీసి, వాటితో పాటు ఒక పిస్టల్ కూడా తీశాడు. వెండి రంగు గొట్టం, తెల్లగా తళతళలాడే పిడి. మా అక్క దాన్ని చేతిలోకి తీసుకుని "అబ్బ, ఎంత క్యూట్‌గా ఉందో" అంది. అందరం నవ్వాం. ఫొటోలు బాగానే వచ్చాయి. నాకు మాత్రం ఆ "క్యూట్" అనే మాట దగ్గరే మనసు ఆగిపోయింది. తుపాకీకి ఆ మాట ఎలా అంటుకుంది? దాన్ని అంటించింది ఆ తెల్ల పిడే అని నా అభిప్రాయం. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ మెరుపు సంగతి

ముత్యపు చిప్ప లోపలి మెరుపు పొరని నేకర్ అంటారు. కెమిస్ట్రీ ప్రకారం అది దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్. మన ఇళ్లలో కింద పరిచే తాండూరు బండలో ఎక్కువ భాగం కూడా అదే. తేడా అంతా పేర్చడంలో ఉంది. చిప్పలో ఆ పదార్థం సుమారు అర మైక్రాన్ మందం ఉన్న పలకలుగా, గోడలో ఇటుకల్లాగా, మధ్యలో సన్నటి ప్రోటీన్ పొరతో కూర్చుకుని ఉంటుంది. ఆ మందం వెలుతురు తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక వైపు నుంచి చూస్తే గులాబీ, ఇంకో వైపు నుంచి చూస్తే ఆకుపచ్చ కనిపిస్తుంది. ముత్యం కూడా ఇదే పదార్థం, కాకపోతే గుండ్రంగా పేరుకుంటుంది. అంటే "అసలు" పెర్ల్ గ్రిప్‌లో కూడా పెర్ల్ లేదు. పెర్ల్ పుట్టిన ఇంటి గోడ ఉంది, అంతే.

నకిలీది ఇంకో రకం. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో అభ్రకం రేకుల పొడి కలుపుతారు. ఆ రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పల్చటి పూత ఉంటుంది. మన పార్కింగ్‌లో స్కూటీల మీద కనిపించే పెర్ల్ వైట్ రంగు ఈ జాతిదే. అభ్రకం అంటే చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో గూడూరు గనులు అని చదువుకున్నామే, అదే. అభ్రకం పూత రాకముందు చేప పొలుసుల్లోంచి తీసిన మెరుపుని వాడేవాళ్లు. ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దంలోనే దాంతో గాజు పూసల్ని ముత్యాల్లా చేశారు. ఇదే నకిలీ ముత్యపు ప్లాస్టిక్ గిటార్ల మీద, డ్రమ్ముల మీద కూడా అంటిస్తారు. గిటార్ వాయించే వాళ్లు దానికి ముద్దుగా పెట్టుకున్న పేరు "మదర్ ఆఫ్ టాయిలెట్ సీట్". పాతకాలం టాయిలెట్ సీట్లకి కూడా అదే ప్లాస్టిక్ వాడేవాళ్లు మరి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ మెరుపు మీద నాకు కోపం లేదు. ఫిజిక్స్‌గా చూస్తే అది నిజంగా బాగుంటుంది.

నకిలీతో నాకు పేచీ లేదు

పెర్ల్ గ్రిప్స్ గురించి తుపాకీలు సేకరించే వాళ్ల మధ్య జరిగే వాదన ఎక్కువగా ఒకటే. అసలు చిప్ప పెట్టుకుంటే దర్జా, ప్లాస్టిక్ పెట్టుకుంటే చీప్ అని. ఈ వాదన నాకు అస్సలు నచ్చదు. ఎందుకంటే నేను పుట్టింది నకిలీకి గౌరవం ఇచ్చే చోట.

గద్వాల చీరనే చూడండి. నూలు చీరకి పట్టు అంచు, పట్టు కొంగు విడిగా నేసి కలపడం దాని ప్రత్యేకత. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ అంచులో జరీ అసలుదైతే వెండి తీగకి బంగారం పూత ఉంటుంది. అది కొనలేని వాళ్లకి రాగి మీద పూత పూసిన టెస్టెడ్ జరీ ఉంది. ఇంకా తక్కువలో ప్లాస్టిక్ జరీ ఉంది. మంచి కొట్టు అయితే అడిగిన వెంటనే ఏది ఏదో చెప్తుంది. మా అమ్మ పెళ్లి చీర అసలు జరీ. రోజూ స్కూలుకి కట్టుకెళ్లేవి టెస్టెడ్. రెండింటినీ గద్వాల చీరలే అంటుంది, రెండింటినీ ప్రేమగానే మడతపెడుతుంది. వన్ గ్రామ్ గోల్డ్ కూడా అంతే. పండక్కి అది పెట్టుకున్న ఆడవాళ్లని నకిలీ మనుషులు అనే ధైర్యం ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. హైదరాబాద్‌ని ముత్యాల నగరం అంటారు. పత్తర్‌గట్టిలో అసలు ముత్యాలు అమ్మే కొట్లకి కూతవేటు దూరంలోనే లాడ్ బజార్‌లో పూసల దండలు అమ్ముతారు. ఎవరి జేబుని బట్టి వాళ్లు.

ఇంకో మాట. కొన్నిసార్లు నకిలీయే ధర్మం. తుపాకీల పిడికి ముత్యపు చిప్ప కంటే గొప్పగా చెప్పుకునేది ఏనుగు దంతం. ఆ పలకల కోసం ఎన్ని ఏనుగులు పోయాయో. బిలియర్డ్స్ బంతులకి దంతం దొరకడం కష్టమై, 1860ల్లో అమెరికాలో జాన్ వెస్లీ హయత్ అనే ఆయన వేరే పదార్థం వెతుకుతూ సెల్యులాయిడ్ దాకా వచ్చాడు. ప్లాస్టిక్ చరిత్రలో పెద్ద అడుగు అది. 1989లో ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని దేశాలు నిర్ణయించాయి. ఈ రోజు ఎవరైనా దంతం లాంటి ప్లాస్టిక్ పెట్టుకుంటే ఒక ఏనుగు బతికినట్టే.

కాబట్టి ముత్యం అసలుదా నకిలీదా అన్నది నాకు ప్రశ్నే కాదు. ఆ ముత్యం ఏ వస్తువు మీద కూర్చుంది, అక్కడ ఏం పని చేస్తోంది అన్నదే నా ప్రశ్న.

పిడి పని ఏంటి

మా నాయనమ్మ కొడవలి పిడికి పాత చీర పేలిక చుట్టి ఉంటుంది. చిన్నప్పుడు "ఎందుకట్ల చుట్టినవ్, చూడనీకి బాగలేదు కదా" అని అడిగితే, "చెమట పడితే జారుతది బిడ్డా, చెయ్యి తెగుతది" అంది. పిడికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ ఇంజనీరింగ్ పుస్తకంలోనూ చదవలేదు. చేతికి వస్తువు లొంగి ఉండాలి, చెయ్యి క్షేమంగా ఉండాలి.

తుపాకీ పిడి మీద అడ్డంగా నిలువుగా సన్నటి గీతలు చెక్కి ఉంటాయి చూడండి, అవీ ఆ పేలిక లాంటివే. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. చెయ్యి జారితే గుండు ఎటు పోతుందో తెలీదు. అందుకే చెక్కనైనా రబ్బరునైనా గరుకుగా చేస్తారు. ముత్యపు చిప్ప నున్నగా ఉంటుంది. దాని అందమే నునుపులో ఉంది. పల్చగా కోసిన పలక కింద పడితే చిట్లుతుంది కూడా. ప్లాస్టిక్ నకిలీ కూడా నున్నగానే చేస్తారు, లేకపోతే మెరవదు. అంటే ఆ అలంకారం పట్టుకునే చెయ్యికి ఏమీ ఇవ్వడం లేదు. ఇచ్చేదంతా చూసే కళ్లకే.

ఈ విషయం తుపాకీల వాళ్లకీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జనరల్ ప్యాటన్ నడుముకి తెల్ల పిడి రివాల్వర్ వేలాడేది. అది 1916లో కొన్న కోల్ట్. విలేకరులు దాన్ని పెర్ల్ పిడి అని రాస్తే ఆయనకి కోపం వచ్చిందట. అది దంతం అని దిద్ది, ముత్యపు పిడి పెట్టుకునేది చిల్లర మనుషులే అన్నట్టు మాట్లాడాడని చెప్పుకుంటారు. నాకు ఇందులో నవ్వొచ్చేది ఏంటంటే, యుద్ధం నడిపించే మనిషి కూడా తన తుపాకీ ఎలా కాలుస్తుందో చెప్పలేదు, ఎలా కనిపిస్తుందో చెప్పాడు. పిడి మార్చినప్పుడే ఆ వస్తువు సగం నగ అయిపోయింది.

"ఆయుధాలకి అలంకారం ఎప్పుడూ ఉంది కదా"

ఈ టాపిక్ మీద క్లాస్‌లో మాట్లాడితే ఒక ఫ్రెండ్ వెంటనే అన్న మాట ఇది. నిజమే. సాలార్‌జంగ్ మ్యూజియంకి స్కూల్ టూర్‌లో మనమంతా వెళ్లే ఉంటాం. అక్కడ పచ్చరాయి పిడులకి కెంపులు, మరకతాలు పొదిగిన బాకులు ఉన్నాయి. నూర్జహాన్‌ది అని చెప్పే పండ్ల కత్తి ఉంది. గాజు అద్దానికి ముక్కు ఆనించి చూశాను నేను కూడా. అవి అందంగా లేవని అనను.

మన వనపర్తి సంగతే ఇంకోటి ఉంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు దగ్గర ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఒక అంగరక్షక దళం ఉండేది. తర్వాత ఆ దళం నిజాం కొలువుకి వెళ్లింది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అని బస్టాప్ ఉందే, అందులో ఏసీ అంటే ఎయిర్ కండిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. ఊరేగింపుల్లో నిజాం ముందు గుర్రాల మీద వెళ్లిన దళం అది. ఇది చదివినప్పుడు మన ఊరి పేరు అక్కడ ఉందని మొదట గర్వంగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజుల్లో రాజులకి ఆయుధమే కాదు, ఆయుధం పట్టుకున్న మనిషి కూడా దర్బారుకి ఒక అలంకారమే అనిపించింది. దూరదేశం నుంచి వచ్చిన ఎత్తైన మనుషులు గుర్రాల మీద వస్తుంటే చూసేవాళ్లు నోరు తెరవాలి. రాజు గొప్పవాడు అనుకోవాలి.

ఇక్కడే నాకు సమాధానం దొరికింది. రాజుల కాలంలో ఆయుధం మీద అలంకారం చెప్పిన మాట "నేను బలవంతుణ్ణి, దూరంగా ఉండు" అని. వజ్రాల పిడి ఉన్న బాకుని చూసి క్యూట్ అని ఎవరూ అనుకుని ఉండరు. మెరుపు భయాన్ని పెంచేది. ఈ రోజు నకిలీ ముత్యపు పిడి చేసే పని దానికి తలకిందులు. అది భయాన్ని తగ్గిస్తుంది. చవగ్గా, తెల్లగా, ముద్దుగా ఉండి "రా, పట్టుకో, ఫొటో దిగు" అంటుంది. ఇంకోటి, ఆ బాకులు ఇప్పుడు అద్దాల వెనక ఉన్నాయి. అక్కడ అవి ఎవర్నీ పొడవవు. మ్యూజియంలో ఆయుధం అందంగా ఉండొచ్చు. చేతిలో ఉన్నది ఉండకూడదు.

నగల పెట్టెలో రివాల్వర్

ఇది ఎక్కడో అమెరికా పిచ్చి అనుకుంటున్న వాళ్లకి మన దేశం ఉదాహరణ చెప్తాను. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన మీ అందరికీ తెలుసు. ఆ తర్వాత 2014 మొదట్లో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసం అని ఒక రివాల్వర్ తెచ్చింది. పేరు నిర్భీక్. నిర్భయ అన్న పేరుకి దగ్గరగా పెట్టారు. .32 బోర్, బరువు సుమారు 500 గ్రాములు, పర్సులో పట్టేంత. ధర లక్షా 22 వేల పైచిలుకు. దాన్ని ఎందులో పెట్టి ఇచ్చారో తెలుసా? మెరూన్ రంగు నగల పెట్టెలో. ఆడవాళ్లకి ఆభరణాలంటే ఇష్టం కదా అని.

పిడికి ముత్యం లేకపోతేనేం, పెట్టె ఆ పని చేసింది. ఒక అమ్మాయి మీద జరిగిన ఘోరానికి జవాబుగా వచ్చిన వస్తువు, ఒక అమ్మాయి చనిపోయిన తర్వాత ఆమెని గుర్తుచేసే పేరుతో వచ్చిన వస్తువు, గిఫ్ట్ ప్యాక్‌లో వచ్చింది. అప్పట్లోనే చాలామంది ఇది అవమానం అన్నారు. నేను అప్పుడు చిన్నపిల్లని. ఇప్పుడు పంతొమ్మిదేళ్లకి చదువుతుంటే నాకూ అలాగే అనిపించింది.

ఎందుకంటే, నాకు భయం అంటే ఏంటో తెలుసు. ల్యాబ్ లేట్ అయ్యి రాత్రి ఏడున్నరకి చౌరస్తాలో బస్సు కోసం నిలబడినప్పుడు, బైకు ఒకటి రెండోసారి అదే దారిలో స్లోగా వెళ్లినప్పుడు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించిన అమ్మాయిలు ఈ పేజీ చదివే వాళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ చౌరస్తాలో నాకు కావాల్సింది ఒక వీధి దీపం, టైముకి వచ్చే బస్సు, ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చే షీ టీమ్. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలైనప్పుడు ఎవరూ వాటిని నగల పెట్టెలో పెట్టలేదు. మఫ్టీలో, మామూలు బట్టల్లో తిరిగారు. నాకు ఆ మామూలుతనమే ధైర్యం ఇస్తుంది.

లక్షన్నర లేని, లైసెన్స్ రాని, కాల్చడం రాని అమ్మాయి చేతిలో అందమైన రివాల్వర్ పెట్టడం అంటే, "నీ సమస్య నువ్వే చూసుకో, కానీ అందంగా చూసుకో" అనడమే. పింక్ రంగు పెప్పర్ స్ప్రే మీద కూడా నాకు కొంచెం ఇదే చికాకు ఉంది. కానీ స్ప్రే పొరపాటున పేలితే కళ్లు మండుతాయి, కడుక్కుంటే పోతుంది. తుపాకీకి ఆ సౌకర్యం లేదు.

ప్రమాదానికి ఏ రంగు వేయాలి

మనం సీఎస్ వాళ్లం కాబట్టి మన భాషలో చెప్తాను. గిట్‌హబ్‌లో రిపాజిటరీ డిలీట్ చేయాలంటే ఏం చేయాలి? సెట్టింగ్స్‌లో అన్నిటికంటే కింద ఎర్ర గీతల మధ్య "డేంజర్ జోన్" అని ఉంటుంది. బటన్ నొక్కగానే పోదు. రిపాజిటరీ పేరు మన చేత్తో టైప్ చేయిస్తుంది. కావాలనే విసిగిస్తుంది. ఎందుకంటే వెనక్కి తీసుకోలేని పని సులువుగా, అందంగా కనిపించకూడదు అన్నది మంచి డిజైన్‌కి మొదటి సూత్రం. ఒక ప్రాజెక్టు పోతుందంటేనే ఇంత జాగ్రత్త పడుతున్నాం. ప్రాణం తీసే వస్తువుకి మాత్రం ముత్యాల బటన్ పెడుతున్నాం.

"గేమ్స్‌లో స్కిన్స్ కొంటావు కదా" అంటారు. కౌంటర్ స్ట్రైక్‌లో 2013 నుంచి స్కిన్స్ ఉన్నాయి. స్కిన్ మార్చితే డ్యామేజ్ ఒక్క పాయింట్ కూడా పెరగదు, అందరికీ తెలుసు. అక్కడ అది నిజాయితీగా ఉత్త అలంకారమే. చనిపోయినవాడు తర్వాతి రౌండ్‌లో లేచి వస్తాడు. గేమ్ తెర దాటని అలంకారంతో నాకు ఇబ్బంది లేదు. అదే అలంకారం అలవాటుగా బయటికి వచ్చినప్పుడే ఇబ్బంది.

బొమ్మ తుపాకీ కదా, దానికింత రాద్ధాంతం ఎందుకు అనే వాళ్లకి. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. బొమ్మగా తప్ప ఇంకెలాగూ పనికిరాని, నిజమైన ఆయుధంగా మార్చడానికి వీల్లేని వస్తువులు ఆ చట్టం కిందికి రావు. కాబట్టి ప్రీ వెడ్డింగ్ షూట్‌లో బొమ్మ పట్టుకుంటే జైలుకేం వెళ్లరు. కానీ 2019లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు ఒక కొత్త నేరం చేర్చారు. వేడుకల్లో నిజం తుపాకీ పేల్చి ఇతరుల ప్రాణానికి ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్క ఈ పనికోసం చట్టంలో వేరే లైను రాయాల్సి వచ్చిందంటే ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని ప్రాణాలు పోయి ఉంటాయో ఊహించుకోండి. ఉత్తర భారతంలో అది పాత జబ్బు. మన బారాత్‌లలో ఇంకా డీజే, టపాకాయలే. ఆ జబ్బు ఇక్కడికి వచ్చే దారి ఏదైనా ఉంటే, అది ముందు బొమ్మగా, తర్వాత రీల్‌గా, తర్వాత "మా ఇంట్లోనూ ఒకటి ఉంటే" అన్న ఆశగానే వస్తుందని నా భయం.

అమెరికాలో బొమ్మ తుపాకీల గొట్టం చివర నారింజ రంగు ఉండాలని 1980ల చివర్లోనే చట్టం చేశారు. చూసిన వాళ్లకి అది బొమ్మ అని తెలియాలి కాబట్టి. 2014లో క్లీవ్‌లాండ్‌లో ఒక పన్నెండేళ్ల పిల్లాడు పార్కులో ఆడుకుంటున్నాడు. అతని దగ్గరున్న బొమ్మకి ఆ నారింజ రంగు లేదు. పోలీసులు నిజం తుపాకీ అనుకుని కాల్చేశారు. బొమ్మ మీద ఏ రంగు ఉంది అన్నది అక్కడ ప్రాణం విలువ అయింది.

అమెరికా మనకి దూరం కూడా కాదు. మన సీనియర్లు సగం మంది డాలస్‌లోనో, కాన్సస్‌లోనో ఉన్నారు. 2017 ఫిబ్రవరి 22 రాత్రి కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒకతను కాల్చి చంపాడు. ఫ్రెండ్‌తో కలిసి ఆఫీసు అయ్యాక కాసేపు కూర్చోవడానికి వెళ్లాడు, అంతే. ఆ తుపాకీ పిడి ఏ రంగులో ఉందో ఏ పేపరూ రాయలేదు. రాయక్కర్లేదు. గుండు బయటికి వచ్చాక పిడి గురించి మాట్లాడే వాళ్లు ఉండరు. అందుకే దాని గురించి ముందే మాట్లాడాలి.

అయితే ఏం చేద్దాం

నిషేధించండి అని నేను అడగడం లేదు. పాత రివాల్వర్ తాతగారి గుర్తుగా బీరువాలో పెట్టుకుని, దాని చిప్ప పిడి తుడుచుకునే వాళ్లు ఎక్కడైనా ఉంటే వాళ్ల ఇష్టం. నేను అడిగేది మన చేతిలో ఉన్న చిన్న పనులు.

ఒకటి, మన కల్చరల్ ఫెస్ట్‌లో స్కిట్లకి తుపాకీ కావాలంటే గొట్టం చివర నారింజ రంగు వేద్దాం. ఖర్చు ఇరవై రూపాయల పెయింట్. డ్రామా క్లబ్ వాళ్లతో మాట్లాడాను, కథకి అడ్డం వస్తుందని ఒకరిద్దరు అన్నారు. విలన్ డైలాగు బాగుంటే ఎవరూ రంగు చూడరని నా నమ్మకం. రెండు, బర్త్‌డే రీల్స్‌లో, పెళ్లి షూట్‌లలో పిస్టల్ తీస్తే "వద్దన్నా, పూలదండ ఇవ్వండి" అని చెప్పడం. ఫొటోగ్రాఫర్ ఏమీ అనుకోడు, అతనికి ఫొటో ముఖ్యం. మూడు, తమ్ముళ్లకి బొమ్మ కొనేటప్పుడు కొంచెం ఆలోచించడం. నీలం, పసుపు రంగుల నీళ్ల తుపాకీ చూస్తే బొమ్మ అని గుడ్డివాడికీ తెలుస్తుంది. వెండి గొట్టం, ముత్యాల పిడి ఉన్నది ఏ వైపు నిలబడిందో దానికే తెలీదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. మన దగ్గర కూడా ఆయుధాలకి అలంకరించే రోజు ఒకటుంది. ఆయుధ పూజ రోజు కత్తికి, ట్రాక్టరుకి, మన ల్యాప్‌టాప్‌కి కూడా పసుపు కుంకుమ పెడతాం. కానీ ఆ రోజు వాటిని వాడం, కింద పెట్టి దండం పెడతాం. ఆ బొట్టు మర్నాటికి చెరిగిపోతుంది. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి "బంగారం" అంటాం. అది ఆకు అని ఇచ్చేవాళ్లకీ తెలుసు, తీసుకునే వాళ్లకీ తెలుసు. అంత నిజాయితీ గల నకిలీ బంగారం ప్రపంచంలో ఇంకోటి లేదేమో.

ఆ జమ్మి చెట్టు మీదే పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్లే ముందు ఆయుధాలు దాచారు. అర్జునుడి గాండీవం కూడా అక్కడే ఉంది. ఎవరూ దగ్గరికి రాకుండా చెట్టుకి ఒక శవాన్ని కట్టారు. వాళ్ల దగ్గర రత్నాలు పొదిగిన పిడులు లేకనా? ఆయుధం పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడు దాన్ని చూస్తే జనం జడుసుకునేలా చేయాలని వాళ్లకి తెలుసు. మనకి రాష్ట్ర వృక్షంగా ఆ చెట్టే ఉంది. దాన్ని గుర్తుంచుకుంటే చాలు, తుపాకీ పిడికి ముత్యం ఎందుకు వద్దో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.